ముద్దొచ్చినన్నాళ్ళూ

ఆ చెప్పుల దుకాణంలో పిల్లల విభాగం మేడ మీద ఉంటుంది. అక్కడ గోడకు ఒక ఇత్తడి గంట కట్టి ఉంది. నడక నేర్చిన బిడ్డకు ఎవరైనా తొలి జత కొంటే ఆ గంట కొట్టాలి. గంట మోగగానే మేడ మీది పనివాళ్ళంతా చేతిలో పని వదిలేసి చప్పట్లు కొట్టాలి. అది ఓనరు పెట్టిన నియమం. బిడ్డ కొత్త చెప్పులతో రెండడుగులు వేసి ధబ్బున కూలబడుతుంది. కొన్నవాళ్ళూ కొననివాళ్ళూ, పక్క వరుసలో బేరమాడుతున్నవాళ్ళూ అందరూ ఒక్కసారిగా మెత్తబడిపోతారు. ఆ మెత్తదనంలో ఇంకో జత అమ్ముడుపోతుందని ఓనరు లెక్క. ఆ లెక్క తప్పిన రోజు లేదు.

అందరితో పాటు చప్పట్లు కొడుతూనే, మొహంలో ఒక్క గీతయినా కదలని మనిషి అక్కడ ఒకడున్నాడు. తోటివాళ్ళు అతన్ని చెక్కన్న అంటారు. మొహం చెక్కతో చేసినట్టుంటుందని ఆ పేరు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, తర్వాత ఎదురుగానే అన్నారు, కొన్నాళ్ళకు అతనే ఫోనెత్తి "చెక్కన్నని మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టాడు. కోపమా అంటే కోపం లేదు. కోపం రావడానికైనా లోపల ఏదో ఒకటి కదలాలి కదా.

పొట్టి స్టూలు మీద కూర్చుని, ముందున్న ఏటవాలు పలక మీద పిల్ల పాదం పెట్టించి, కొలత చూసి, జత తొడిగి, బొటనవేలి ముందు నొక్కి ఎంత ఖాళీ ఉందో చూడటం అతని పని. నిలబెట్టి ఒకసారి, నడిపించి ఒకసారి నొక్కుతాడు. నచ్చిన జత ఇరుకైతే పిల్లలు లోపల వేళ్ళు ముడుచుకుని సరిపోయిందంటారు. చెక్కన్న దగ్గర ఆ పప్పులుడకవు. పిక్క మీద మెల్లగా తడతాడు, ముడుచుకున్న వేళ్ళు వాటంతటవే విచ్చుకుంటాయి.

వింతేమిటంటే, గుక్కపెట్టి ఏడ్చే పిల్లలు కూడా అతని ముందుకు రాగానే ఊరుకునేవారు. మిగతావాళ్ళు గొంతు సన్నం చేసి, బంగారమనీ కన్నా అనీ బొమ్మలూపుతూ మీద పడితే ఆ ఏడుపు రెట్టింపయ్యేది. చెక్కన్న నవ్వమనడు, పేరు చెప్పమనడు, ఏదీ చేసి చూపించమనడు. పాదం అందుకుంటాడు, అంతే. నీ మొహం చూసి జడుసుకుంటున్నారయ్యా, ఏదైతేనేం, ఊరుకుంటున్నారు అని ఓనరు వేళాకోళం చేసేవాడు.

అంత కిందినుంచి చూస్తూ బతికినవాడు కాబట్టి, చెక్కన్నకు పాదాల తర్వాత బాగా తెలిసినవి పెద్దవాళ్ళ మొహాలే. ఎంతటి గంభీరమైన మనిషయినా సరే, గుండ్రటి బుగ్గలూ ఇంతలేసి కళ్ళూ వేసుకుని తప్పటడుగుల పిల్ల ఒకటి ఎదురుగా వచ్చిందంటే తల ఒక పక్కకు వాలిపోతుంది, కనుబొమలు పైకి లేస్తాయి, నోటికి ఎక్కడలేని నత్తి వస్తుంది. కొందరికి పళ్ళు బిగుస్తాయి. బుగ్గ గట్టిగా పిండి, కొరికెయ్యాలనుంది అంటారు. ముద్దొస్తే కొరకడమేమిటో, దేవుడికే తెలియాలి. అదే తల్లి, ఆ పిల్ల పక్కనే నిలబడ్డ పదేళ్ళదాని వైపు తిరిగి, ఊఁ, తొందరగా తొడుక్కో, నిటారుగా నిలబడు అంటుంది. ఆ గొంతు వేరు. తల్లి చెడ్డదని కాదు. ఒక పిల్ల మీద దయ దానంతటదే పుట్టుకొస్తుంది, రెండో పిల్ల మీద గుర్తు తెచ్చుకుని పుట్టించుకోవాలి. చెక్కన్న చూసినంతలో మనుషులు గుర్తు తెచ్చుకునేది తక్కువ.

చిన్న పిల్లల చెప్పుల్లో, అడుగేస్తే మడమ కింద కీచుమనే రకం ఒకటి ఉంది. ఒక సైజు దాటితే ఆ రకం రాదు. ఎందుకు రాదని ఒకావిడ అడిగితే, ఆ వయసులో చప్పుడు చేస్తే ఎవరికీ ముద్దు రాదు కదమ్మా అన్నాడు చెక్కన్న. ఆవిడ అది జోకనుకుని నవ్వింది.

ముద్దొచ్చినప్పుడే చంకెక్కాలని సామెత. ఎక్కడం గురించి పెద్దలు చెప్పారు. దిగడం గురించి ఎవరూ చెప్పలేదు. చెక్కన్నకు తెలిసిందంతా దిగడం గురించే.

చిన్నప్పుడు అతన్ని వీధంతా బుగ్గలబాబు అని పిలిచేది. బస్సెక్కితే ముక్కూమొహం తెలియనివాళ్ళు చేతులు చాపి ఒళ్ళోకి తీసుకునేవారు. చేతులు జోడించి తల వంచి "నమత్తే తాల్" అనేవాడు. ఆ నత్తి నమస్కారానికి పడిపోనివాడు లేడు. అమ్మ ఎక్కడికెళ్ళినా కొడుకుని ముందు నడిపించేది, పనులు చకచకా అయిపోయేవి. వాడి కంటే నాలుగేళ్ళు పెద్దదైన అక్క వాడి చెయ్యి పట్టుకుని నడిచేది. ఆమెది కోల మొహం, ఎత్తు పళ్ళు. జనం తమ్ముణ్ణి ముద్దు చేసి చేసి, చివర్లో గుర్తొస్తే, నువ్వు వీడి అక్కవా అని అడిగి వెళ్ళిపోయేవారు.

వీధి మొగలో బట్టల కొట్టు ఒకటి ఉండేది. కొట్టాయన బుగ్గలబాబుని చూడగానే ఎత్తి కౌంటరు మీద నిలబెట్టి, వచ్చినవాళ్ళందరికీ నమస్కారం పెట్టించేవాడు. మధ్యలో చాలా నెలలు ఆ కొట్టుకు వెళ్ళే పని పడలేదు. మళ్ళీ వెళ్ళేసరికి వాడికి ఏడు దాటింది. ముందు పళ్ళు ఊడి, మెడ పొడుగై, మోకాళ్ళు బయటికొచ్చాయి. వాడు అలవాటుగా వెళ్ళి కౌంటరు ముందు చేతులెత్తి నిలబడ్డాడు. కొట్టాయన గుడ్డ కొలుస్తున్నవాడు కొలుస్తూనే ఉన్నాడు. ఎత్తడం మరిచిపోయాడేమో అనుకుని, వాడే స్టూలు పట్టుకుని పైకెక్కి, చేతులు జోడించి, బాగా వచ్చిన మాటలను కావాలని మింగి "నమత్తే తాల్" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఒకావిడ మొహం తిప్పుకుంది. కొట్టాయన అమ్మతో, వీడికి మాటలు సరిగ్గా రావట్లేదా ఏంటమ్మా అని నెమ్మదిగా అడిగాడు. అమ్మ చెవి పట్టుకుని కిందికి దింపింది. గాడిదలా ఎదిగావు, ఆ వేషాలేంటి అంది. అమ్మకు సిగ్గేసింది, ఆ సిగ్గు వాడు చూశాడు.

వాడు ఏడవలేదు. తర్వాత కూడా అదేదో ఘోరం జరిగిపోయినట్టు ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవడానికేముంది? ఎవరూ కొట్టలేదు, అన్నం పెట్టడం మానలేదు. వాణ్ణి చూసి మొహాలు వెలగడం మానేశాయి, అంతే. అది ఫిర్యాదు చేసే సంగతి కాదు. కొన్నాళ్ళు వాడే ఎక్కువగా నవ్వి చూశాడు. బస్సులో అడ్డం వస్తున్నాడని కసురుకున్నారు. క్రమంగా నవ్వు తగ్గింది, ఆ తర్వాత మొహం ఇలా కుదురుకుంది. ఇంట్లో అక్క మాత్రం ఎప్పటిలాగే ఉండేది, పుస్తకాలు చదువుకుంటూ, ఎవరు చూసినా చూడకపోయినా ఒకేలా. వాడికి అది గొప్పగా తోచింది. అక్కకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు కాబట్టి అక్క దగ్గర పోయిందీ ఏమీ లేదని లెక్క కట్టాడు. ఆ లెక్కను జీవితమంతా నమ్మాడు.

పెళ్ళి ఆలస్యంగానే అయింది. ఆసుపత్రిలో రక్త పరీక్షల గదిలో పనిచేసే ఆవిడ. సూది గుచ్చేముందు అస్సలు నొప్పి ఉండదని చెప్పేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళుమంట. పళ్ళికిలించని మనిషి కనిపించాడని సంతోషించి ఒప్పుకుంది. కూతురు పుట్టినప్పుడు చెక్కన్నకు భయం వెయ్యలేదు. ముడతలు పడ్డ ఎర్రటి మొహంతో, అందరి పిల్లల్లాగే ఉంది. రెండో ఏడు వచ్చేసరికి అసలు సంగతి బయటపడింది. అవే బుగ్గలు, అవే కళ్ళు. కిచకిచమంటూ ఒక చోట నిలవదని ఇంట్లో పిచ్చుక అని పిలిచేవారు. మెట్ల మీద ఎదురైనవాళ్ళు ఆగిపోయేవారు. పక్క వాటా ఆవిడ పొయ్యి మీది గిన్నె వదిలేసి వచ్చి ఎత్తుకునేది.

ఒక ఆదివారం పిచ్చుక అతని బూటు తన కాలికి తొడుక్కుని, గది ఆ చివరి నుంచి ఈ చివరికి ఈడ్చుకుంటూ వచ్చి, అతని మోకాలు పట్టుకుని మొహంలోకి చూసింది. చెక్కన్న గుండెలో ఏదో వెచ్చగా పైకి లేచింది. నోటి చివర్లు కదలబోయాయి. ఎంత తీపిగా ఉందో అంత భయమేసింది. పిల్ల తన మొహంలో వెతుకుతున్నది ఈ నవ్వే, ఇది దొరికితే రేపూ వెతుకుతుంది, ఎల్లుండీ వెతుకుతుంది, వెతికి వెతికి ఒక రోజు కౌంటరు ఎక్కుతుంది. అతను మొహం బిగబట్టి, వంగి బూటు విప్పి, "పడతావు" అన్నాడు.

ఆ రోజు నుంచి అదే పద్ధతి. దానికేం తక్కువ చెయ్యలేదు. స్నానం అతనే చేయించాడు, జడలు అతనే వేశాడు, జ్వరమొస్తే రాత్రంతా భుజం మీద మోశాడు, ఏడాదికెన్ని సైజులు మారినా కాలికి ఒక్క బొబ్బ రానివ్వలేదు. మొహం మాత్రం ఇవ్వలేదు. అది పాట పాడితే విని, సరే అనేవాడు. బొమ్మ గీసి తెస్తే కాగితం అందుకుని జాగ్రత్తగా గూట్లో పెట్టేవాడు.

భార్య చాలాకాలం ఓర్చుకుంది. ఒక రోజు పిచ్చుక అద్దం ముందు నేర్చుకున్న డాన్సు చేసి చూపించి, అతను సరే అనగానే గోడ వైపు తిరిగి నిలబడితే, ఇక పట్టలేకపోయింది.

"కాకి పిల్ల కాకికి ముద్దంటారు. మీకేం రోగం?" అని అడిగింది.

"నాకు ముద్దు రాదనా నువ్వనుకునేది?" అన్నాడు చెక్కన్న. "ఇప్పుడు అలవాటైతే ఆ ముద్దు పోయేనాడు అది తట్టుకోలేదు. నాకు తెలుసు. ఇంట్లో ఒక్క మొహమైనా ముందూ వెనకా ఒకేలా ఉండాలి."

"పోయేనాటికి మీరుంటారుగా. అప్పుడు చూసి నవ్వొచ్చుగా."

"అప్పుడు దానికి ఆ అవసరం ఉండదు" అన్నాడు అతను.

ఆమె తన వంతు నవ్వులు తనే నవ్వింది. కానీ ఆమె డ్యూటీకి పొద్దున్నే వెళ్ళి, కళ్ళు గుంటలు పడి తిరిగొచ్చేది. పిల్లకు దొరికే మొహం ఎక్కువగా నాన్నదే.

నాన్న మొహంలో ఏమీ దొరకదని పిల్లకు మెల్లగా అర్థమైంది. గీసిన బొమ్మలు తనే గూట్లో పెట్టుకునేది. ఏదైనా చెప్పాలంటే అతని చొక్కా గుండీలతో చెప్పేది. చెక్కన్న అది గమనించాడు, పని జరుగుతోందనుకున్నాడు.

పిచ్చుకకు ఏడు నిండింది. అనుకున్నట్టే ముందు పళ్ళు ఊడాయి, కాళ్ళు సాగాయి, బుగ్గలు కరిగిపోయాయి. కింది వాటాలోకి ఎవరో చంటిబిడ్డతో దిగారు. ఒక సాయంత్రం చెక్కన్న, పిచ్చుక మెట్లెక్కుతుంటే పక్క వాటా ఆవిడ ఆ బిడ్డను ఎత్తుకుని ఎదురొచ్చింది. వీడి కళ్ళు చూశారా, వీడి వేళ్ళు చూశారా అని వాడి గురించే మాట్లాడి, పిచ్చుక ఉన్న సంగతే తెలియనట్టు వెళ్ళిపోయింది. చెక్కన్న ఊపిరి బిగబట్టి కూతురి వైపు చూశాడు. దాని మొహంలో ఏ మార్పూ లేదు. జేబులోంచి తాళం తీసివ్వు నాన్నా, నేను తీస్తాను అంది.

అతనికి గట్టు చేరినట్టనిపించింది. సంతోషం అనడానికి వీల్లేదు, అతని దగ్గర ఆ సరుకు ఎప్పుడో అడుగంటింది. చాలాకాలంగా మోస్తున్న పెట్టె కింద పెట్టినట్టు భుజాలు దిగాయి, అంతే.

ఆ నెలలోనే అక్క వచ్చింది. ఆమెది వేరే ఊళ్ళో ఉద్యోగం, ఏదో పని మీద వస్తూ దుకాణం దగ్గర ఆగింది. కిందినుంచి జోళ్ళు తెప్పించి, మేడ మీద తన స్టూలు దగ్గరే కూర్చోబెట్టి ఆమె పాదం పలక మీద పెట్టించాడు చెక్కన్న. జనం పలచగా ఉన్నారు. అక్కతో అయితే అతను నాలుగు మాటలు మాట్లాడతాడు. మెట్ల మీద జరిగింది చెప్పాడు. ఇన్నేళ్ళ తన పద్ధతి కూడా మొదటిసారి విడమరిచి చెప్పాడు. చెబుతూ పట్టీ బిగించాడు.

"అచ్చం నీలా తయారైందక్కా" అన్నాడు. "దానికి పోయేదేమీ లేదు."

అక్క వంగి అతని మొహంలోకి చూసింది. తర్వాత, "నాకేమీ పోలేదని నీకెవరు చెప్పార్రా?" అంది.

చెక్కన్న తలెత్తాడు.

"నీ నమస్కారం ఉండేదే, అది నేను స్నానాలగదిలో తలుపేసుకుని నేర్చుకున్నాను. నత్తితో సహా. ఒకసారి బస్సులో చేశాను కూడా. ఎవరూ చూడలేదు. చూడకపోవడమే నయమైంది, నన్ను నేను దాచుకోవడం వచ్చింది." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పింది. "నీకు ఏడేళ్ళు పెట్టి లాక్కున్నారు. నాకు పెట్టనేలేదు. ఏది నయమో నాకు తెలీదు. అయినా నన్ను చూడనివాళ్ళు వీధిలోవాళ్ళురా. దాన్ని చూడనివాడు నాన్న."

చెక్కన్న బొటనవేలు ఆమె జోడు ముందు భాగం మీద అలాగే ఉండిపోయింది. సరిపోయిందా అని అతనే అడగాలి. అడగలేదు. కొంచెం వదులుగా ఉంది, పర్లేదు, ఇచ్చెయ్ అని ఆమే అంది. వెళ్ళేటప్పుడు అతని బుగ్గ మీద చెయ్యి వేసి, మెట్లు దిగింది.

మధ్యాహ్నం ఒక తొలి జతకు గంట మోగింది. అందరూ చప్పట్లు కొట్టారు. చెక్కన్న చేతులు లేవలేదు. తనేం చేశాడో అప్పుడు ముక్కముక్కలుగా తెలిసింది. జనం తన దగ్గర ఏడేళ్ళ తర్వాత లాక్కున్నదాన్ని, తను ఏడేళ్ళూ ఇవ్వకుండా చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. పిల్లకు ఏమీ పోలేదని మురిసిపోయాడు. ఒంట్లో బాగాలేదని ఓనరుతో చెప్పి పొద్దు ఉండగానే బయల్దేరాడు. నీకు బాగాలేనట్టు మొహం చూస్తే తెలియదయ్యా, చెబితే నమ్మాల్సిందే అని నవ్వి పంపించాడు ఓనరు.

దారి పొడుగునా దవడలు కదిపి చూసుకున్నాడు. ఎప్పుడో మూసేసిన తలుపు బిగుసుకుపోయినట్టు బుగ్గలు నొప్పెట్టాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని అతనికి తెలుసు. అయినా పట్టుకోకుండా ఎలా ఉంటాడు?

పిచ్చుక ఇంటి ముందు మెట్ల మీద కూర్చుని, బూటు లేసు విప్పి మళ్ళీ కడుతోంది. ఊడిన పళ్ళ సందులోంచి నాలుక బయటపెట్టి, పొడుగాటి మోకాలి మీద గడ్డం ఆనించుకుని, సగం ఊడిన జడతో ఉంది. ఆగి చూసేటంత అందం అందులో ఏమీ లేదు. చెక్కన్న ఆగాడు. ఆ రోజు బూటు ఈడ్చుకుంటూ వచ్చినప్పుడు లేచిన వెచ్చదనమే మళ్ళీ లేచింది. ఈసారి బిగబట్టలేదు. కనుబొమలు లేచాయి, నోటి చివర్లు విడిపోయాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాని కోసమే, దాన్నే చూస్తూ, మొహమంతా నవ్వాడు.

అలికిడికి పిచ్చుక తలెత్తింది. ఆ నవ్వును ఒక క్షణం చూసింది. చప్పున లేసు వదిలేసి, ఎవరికో దారి ఇస్తున్నట్టు గోడ వైపు జరిగి, మెడ తిప్పి తన వెనక మెట్లన్నీ పై దాకా చూసింది. మళ్ళీ నాన్న వైపు తిరిగింది.

"ఎవరూ లేరు నాన్నా" అంది.